చదవమని చెప్పినవాడి పూచీ

ఒక పుస్తకాన్నో సినిమానో ఇంకొకరికి చెప్పడమనే పనికి తెలుగులో సరైన మాట లేదని నాకు చాన్నాళ్ళుగా అనుమానం. ‘సిఫార్సు’ ఉంది గానీ, అది వినగానే గుర్తొచ్చేది తిరుమల దర్శనానికి ఎమ్మెల్యేగారిచ్చిన లెటరు, బదిలీ ఆపించుకోడానికి పట్టుకెళ్ళిన ఉత్తరం. ఆ మాటకి పలుకుబడి వాసన అంటుకుపోయింది. ‘సూచన’ అంటే పరీక్ష పేపరు పైభాగంలో అచ్చేసే నాలుగు ముక్కలు. అందుకే మామూలు మాటల్లో మనం క్రియాపదంతోనే పని కానిచ్చేస్తాం: “చదువు”, “చూడు”. ఉత్సాహం ఇంకాస్త ఎక్కువైతే “చదివి తీరాలి”. ఏడాది చివర్లో వచ్చే జాబితాలు చాలావరకు ‘తప్పక చదవాల్సిన’ అనే మొదలవుతాయి. గమనిస్తే ఇవన్నీ ఆజ్ఞలు. ఎదుటివాళ్ళు చదవలేదని తెలిస్తే “ఇంకా చదవలేదా!” అంటాం. ఆ ఆశ్చర్యంలో చిన్నపాటి నేరారోపణ కూడా ఉంటుంది.

నేనుండేది సియాటిల్లో. ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలో నవలలతోబాటు సినిమా డీవీడీలు, బ్లూరేలు కూడా కార్డు మీద ఇంటికిస్తారు. డబ్బు కట్టక్కర్లేదు. ఆలస్యంగా తిరిగిచ్చినందుకు వేసే జరిమానాని కూడా 2020 జనవరి నుంచి ఎత్తేశారు. నాకు ఈ రెండింటి పిచ్చీ ఉందని తెలిసినవాళ్ళు “లైబ్రరీకి వెళ్తున్నా, ఒక నవల, ఒక సినిమా చెప్పు” అని మెసేజ్ పెడుతుంటారు. రెండు పేర్లు టైపు చేసి పంపడం అర నిమిషం పని. కానీ ఆ అర నిమిషంలో నేను చేస్తున్నదేమిటి? అలా చెప్పే హక్కు నాకెక్కడిది? చెప్పాక నా మీద పడే బాధ్యత ఏమిటి? ఈ వ్యాసం ఆ ప్రశ్నల గురించి.

లైబ్రరీ వల్ల ఈ ప్రశ్న కొంత తేలికవుతుంది, కొంత బరువెక్కుతుంది. కొనుక్కోమని చెప్పిన పుస్తకం నచ్చకపోతే “నాలుగొందలు దండగ” అని తిట్టుకుంటారు. నష్టానికి ఒక అంకె ఉంటుంది, ఆ అంకె దగ్గరే గొడవ సర్దుకుంటుంది. లైబ్రరీ పుస్తకానికి ఆ అంకె లేదు. మిగిలేది సమయం ఒక్కటే. మూడొందల పేజీల నవలకి ఎనిమిది, పది గంటలు పడుతుందనుకుంటే, ఉద్యోగం, పిల్లలు ఉన్న మనిషికి అది రెండు వారాల రాత్రుళ్ళు. పిల్లల్ని పడుకోబెట్టి, గిన్నెలు సర్దుకుని, తనదంటూ మిగుల్చుకున్న ఆ కాస్త వేళని నేను చెప్పిన పేరుకి ఇచ్చేయమంటున్నాను. పైగా పుస్తకాన్ని గడువులోగా తిరిగిచ్చేయొచ్చు గానీ, అది మనసులో చేసిన పనిని తిరిగివ్వడం కుదరదు. అన్నిటికంటే ఖరీదైనవి ఈ రెండే. ఉచితం అన్న మాట పైన ఉండబట్టి అవి మనకి కనపడవు.

నా వృత్తిలో ఈ ప్రశ్నకి ఒక జవాబు తయారుగా ఉంది. ఇది అంచనా వేయాల్సిన లెక్క, అంతే. ఫలానా మనిషికి ఫలానా సినిమా ఎంత నచ్చుతుందో ముందే కనిపెట్టగలిగితే చాలు. ఈ ఆలోచనకి పెద్ద గుర్తు 2006 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ ప్రకటించిన పోటీ. తమ లెక్క కంటే పది శాతం మెరుగ్గా అంచనా వేసే పద్ధతి కనిపెట్టినవాళ్ళకి పది లక్షల డాలర్ల బహుమతి అన్నారు. సుమారు 4 లక్షల 80 వేల మంది ప్రేక్షకులు 17,770 సినిమాలకి వేసిన దాదాపు పది కోట్ల రేటింగులను, పేర్లు తీసేసి, పోటీదారులకి ఇచ్చారు. 2009లో ఒక జట్టు గెలిచింది. గెలిచిన ఆ మొత్తం పద్ధతిని మాత్రం కంపెనీ వాడుకలో పెట్టలేదు. దాని వల్ల పెరిగే కచ్చితత్వానికి, దాన్ని నడపడానికయ్యే శ్రమకి పొంతన కుదరలేదన్నారు. ఈలోగా డిస్కులు పోస్టులో పంపే రోజులు పోయి నేరుగా తెర మీద చూసే రోజులొచ్చాయి, లెక్క స్వరూపమే మారిపోయింది.

ఆ పోటీని నేను తక్కువ చేయను. అంచనా విషయంలో యంత్రం నాకంటే మెరుగని ఒప్పేసుకుంటాను. నాకు తెలిసింది ఒకటో రెండో వేల పుస్తకాలు, కొన్ని డజన్ల మంది స్నేహితులు. దానికి కోట్లమంది అలవాట్లు తెలుసు. కానీ ఆ పోటీలో కొలిచిందేమిటో చూడండి: చూశాక మనిషి ఒకటి నుంచి ఐదు లోపల ఏ అంకె వేస్తాడు అన్నది. ఎందుకు చూశాడు, ఎలాంటి రోజున చూశాడు, చూడకుండా ఉండాల్సిందా అన్నవి ఆ లెక్కలోకి రావు. తప్పు అంచనా వేసిన యంత్రానికి తర్వాతి అంచనా సవరించుకోవడం తప్ప చేయాల్సిన పని ఇంకేమీ ఉండదు. మనిషి మనిషికి చెప్పినప్పుడు అలా కాదు. అక్కడ జరిగేదానికి అంచనా కంటే దగ్గరి మాట పూచీ అనుకుంటాను. అప్పు తీసుకునేవాడి పక్కన నిలబడి “నేనున్నా” అని సంతకం పెట్టడం. పూచీ ఉన్నవాడి లెక్క తప్పొచ్చు. తప్పినప్పుడు అతను కనపడాలి, అంతే.

మన ఊళ్ళలో అద్దె పుస్తకాల కొట్టు నడిపినవాళ్ళకి ఇది బాగా తెలుసు. రోజుకింత అని అద్దె. యద్దనపూడి, మాదిరెడ్డి, యండమూరి నవలలు అట్టలు ఊడిపోయి, బైండు చేయించుకుని, ఇల్లిల్లూ తిరిగేవి. కొట్టతను “ఇది బావుంటుంది, తీసుకెళ్ళండి” అన్నాడంటే, మర్నాడు సాయంత్రం అదే మనిషి అదే పుస్తకంతో అదే బల్ల ముందుకొస్తుంది. నచ్చకపోతే మొహం మీదే చెబుతుంది. అతనికి తప్పించుకునే దారి లేదు. 1930లలో పాతూరి నాగభూషణం పూనికతో కృష్ణా డెల్టా కాలవల్లో నడిచిన పడవ గ్రంథాలయం సంగతి కూడా ఇంతే. పడవలో పట్టేది కొద్ది పుస్తకాలు, కాబట్టి ఎంచి పెట్టాలి. ఇచ్చిన పుస్తకాలు తీసుకోడానికి పడవ మళ్ళీ ఆ రేవుకే రావాలి. ఇచ్చినవాడు మళ్ళీ ఎదురుపడతాడన్న ఆ ఏర్పాటులోనే సగం నీతి ఉంది.

ఇచ్చినవాళ్ళు పక్కన నిలబడటం అంటే ఏమిటో చెప్పడానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మా సియాటిల్‌దే. 1998లో ఇక్కడి లైబ్రరీలో ఉన్న వాషింగ్టన్ సెంటర్ ఫర్ ద బుక్ అనే విభాగం తరఫున నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ ఒక పథకం మొదలుపెట్టింది: నగరమంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుంది? ఇప్పుడు అమెరికాలో ఎన్నో ఊళ్ళలో ఇలాంటివి జరుగుతున్నాయి గానీ అప్పటికది కొత్త. ఎంచుకున్న నవల రసెల్ బాంక్స్ రాసిన ‘ద స్వీట్ హియర్ ఆఫ్టర్’. చలికాలంలో ఒక స్కూలు బస్సు రోడ్డు తప్పి పడిపోతుంది. ఊళ్ళో పిల్లలు చాలామంది చనిపోతారు. బస్సు నడిపినావిడ, కవల పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి, కేసు వేయిద్దామని పట్నం నుంచి వచ్చిన లాయరు, బతికి బయటపడ్డ ఒక అమ్మాయి, ఈ నలుగురూ వంతులవారీగా కథ చెబుతారు. 1997లో ఆటమ్ ఎగోయన్ దీన్ని సినిమాగా తీశాడు.

ఊరందరికీ చెప్పడానికి ఇలాంటి పుస్తకమా అనిపిస్తుంది. ఆ నగరంలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఉండరా? ఉంటారు. అందరికీ ఒకే పుస్తకం అన్న ఆలోచన మీదే నాకు సందేహం ఉంది. ఎవరికి ఎప్పుడు అన్నది చూడకుండా చెప్పడం కదా అది. కానీ వాళ్ళు పేరు ప్రకటించి ఊరుకోలేదు. చర్చలు ఏర్పాటు చేశారు, రచయితని పిలిపించారు. చదివి తల్లడిల్లినవాళ్ళు వచ్చి కూర్చోడానికి ఒక కుర్చీ వేసి పెట్టారు. జాబితాకీ, పూచీకీ మధ్య తేడా ఆ కుర్చీయే. మన ‘తప్పక చదవాల్సిన 100’ జాబితాల్లో నాకు కనపడనిది కూడా అదే. చాలా జాబితాలు చదివేవాళ్ళ కోసం కంటే రాసినవాళ్ళ ఫొటో కోసం తయారైనట్టుంటాయి. ‘నేను ఇలాంటివి చదివే మనిషిని’ అని చెప్పుకోవడం తప్పేమీ కాదు. దాన్ని ఇంకొకరికి చేసిన మేలుగా లెక్కేసుకోవడం దగ్గరే నాకు పేచీ.

ఇదంతా నేను సిద్ధాంతంగా కాక కొంచెం గట్టిగా ఆలోచించాల్సి వచ్చింది ఒక పెద్దాయన వల్ల. నాతో పనిచేసే స్నేహితుడి నాన్నగారు. ఎలక్ట్రిసిటీ బోర్డులో చేసి రిటైరయ్యారు. భార్య పోయిన ఎనిమిది నెలలకి కొడుకు పట్టుబట్టి ఆర్నెల్లు ఉండేలా ఇక్కడికి తీసుకొచ్చాడు. అమెరికా వచ్చే మన అమ్మానాన్నల పగటి జీవితం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు స్కూలుకి. డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్ళగలిగే చోటు లైబ్రరీ ఒక్కటే. అక్కడ కిటికీ పక్కన కూర్చుని పేపర్లు తిరగేస్తుండేవారు. ఒక శనివారం నన్ను చూసి, “నువ్వు సినిమాలు బాగా చూస్తావటగా బాబూ, ఇక్కడ ఊరికే ఇస్తారంట, నాకేదైనా చెప్పు” అన్నారు.

ఇదివరకు ఏం చదివేవారని అడిగాను. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలట. డిప్లొమా చదివే రోజుల్లో అద్దెకు తెచ్చుకుని, లైటు ఆర్పే లోపల పూర్తిచేసేవారట. యుగంధర్, రాజు అని పేర్లు చెబుతుంటే మొహం వెలిగింది. అయితే సులువే అనుకున్నాను. ‘12 యాంగ్రీ మెన్’, 1957 సినిమా. ఒకే గది, పన్నెండు మంది జ్యూరీ సభ్యులు, ఒక కుర్రాడి ప్రాణం. గంటన్నర చిల్లర. డిటెక్టివ్ కథలు చదివిన బుర్రకి సాక్ష్యాలు విప్పుకుంటూ వెళ్ళే ఆ సినిమా సరిగ్గా సరిపోతుంది.

కానీ నా మనసులో ఇంకో సినిమా మెదులుతోంది. యసుజిరో ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’, 1953. ఒనొమిచి అనే ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వస్తారు. కొడుకు డాక్టరు, కూతురిది బ్యూటీ పార్లరు. ఎవరికీ తీరికుండదు. ఖర్చు పెట్టి అటామి అనే వేడినీళ్ళ ఊరికి పంపించేస్తారు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కతే సెలవు పెట్టుకుని వాళ్ళని ఊరంతా తిప్పి చూపిస్తుంది. ఇంటికి తిరిగెళ్ళాక తల్లి చనిపోతుంది. నాకు తెలిసిన సినిమాల్లో ఈ పెద్దాయన జీవితానికి ఇంత దగ్గరగా వచ్చింది ఇంకోటి లేదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. యంత్రమైతే ఈ దగ్గరితనాన్ని మంచి గుర్తుగా లెక్కేస్తుంది. మనిషికి చేయి వణకాలి.

నా ముందు మూడు దారులున్నాయి. ఆ సినిమా ఊసెత్తకపోవడం ఒకటి. కానీ అప్పుడు ఆయన ఏది తట్టుకోగలరో నేనే తేల్చేసినట్టు. డెబ్భై ఏళ్ళ మనిషిని చిన్నపిల్లాణ్ణి చేసినట్టు. రెండోది, కథ ముందే చెబితే చెడిపోతుందన్న నియమం పాటించి, “గొప్ప సినిమా, చూడండి అంకుల్” అని చేతిలో పెట్టేయడం. అది మాటు వేసి కొట్టడంలాంటిది. కొడుకు పక్క గదిలో ఆఫీసు కాల్‌లో ఉండగా, హాల్లో ఒంటరిగా కూర్చున్న ఆయన మీదకి ఆ ఆఖరి అరగంట వచ్చి పడుతుంది. మూడోది చెప్పేయడం. నేను చెప్పేశాను. “ఇంకోటి ఉంది అంకుల్. జపాన్‌ది. పెద్దవాళ్ళిద్దరు పట్నంలో ఉన్న పిల్లల దగ్గరికొస్తారు. పిల్లలు చెడ్డవాళ్ళు కాదు, తీరికుండదు. ఊరికెళ్ళాక ఆవిడ పోతుంది. నాకు చాలా ఇష్టమైన సినిమా. ఇప్పుడే చూడాలనేం లేదు, అసలు చూడకపోయినా ఏం కాదు.”

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. “తర్వాత ఆయనేం చేస్తాడు?” అన్నారు.

“ఇంట్లోనే ఉంటాడు అంకుల్. ఒక్కడే.”

“సరే, రెండూ ఇవ్వు.”

రెండు వారాల తర్వాత డిస్కులు రెండూ తిరిగిచ్చేశారు. జ్యూరీ సినిమా గురించి అరగంట మాట్లాడారు. అలాంటి కత్తి ఊళ్ళో ఇంకోటి దొరకదని అందరూ అంటుంటే ఎనిమిదో సభ్యుడు జేబులోంచి అచ్చం అలాంటిదే తీసి బల్ల మీద గుచ్చడం ఆయనకి తెగ నచ్చింది. రెండో సినిమా గురించి ఒక్క మాట కూడా అనలేదు. నేనూ అడగలేదు. చూశారో లేదో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

‘ఎలా ఉంది?’ అని అడగకపోవడం కూడా చెప్పినవాడి బాధ్యతల్లో ఒకటని అప్పుడనిపించింది. పూచీ ఉంది కాబట్టి జవాబు చెప్పాల్సింది నేను. చదివినవాళ్ళు నాకు జవాబు చెప్పక్కర్లేదు. మనం దీన్ని తరచూ తిరగేస్తుంటాం. పుస్తకం చెప్పి, వారం తిరక్కుండా “ఎంతవరకొచ్చావు?” అంటాం. మెచ్చుకోకపోతే చిన్నబుచ్చుకుంటాం. అలా అడిగినకొద్దీ అది ఇచ్చిన పుస్తకం కాకుండా పెట్టిన పరీక్షవుతుంది.

ఈ విషయంలో లైబ్రరీ మనకంటే సంస్కారవంతురాలు. ఎవరు ఏం తీసుకున్నారన్నది బయటికి పొక్కకూడదన్నది అమెరికన్ లైబ్రరీల్లో పాతుకుపోయిన నియమం. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రజా రికార్డుల చట్టం కూడా పాఠకుల వివరాలున్న లైబ్రరీ రికార్డులకి మినహాయింపు ఇచ్చింది. యంత్రం పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. అది బతికేదే గుర్తు పెట్టుకోవడం మీద. ఇందాక చెప్పిన పోటీ కథలో మిగతా సగం ఇదే. పేర్లు తీసేసి ఇచ్చిన ఆ రేటింగులను ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ పరిశోధకులిద్దరు, జనం బయట బాహాటంగా వేసిన రేటింగులతో పోల్చి, కొందరు ఎవరెవరో గుర్తుపట్టొచ్చని చూపించారు. చూసిన సినిమాలను బట్టి తన లైంగికత బయటపడుతుందన్న భయంతో ఒక తల్లి, పేరు చెప్పకుండా, 2009లో కోర్టుకెళ్ళిన వ్యాజ్యంలో భాగమైంది. 2010లో కంపెనీ రెండో పోటీ ఆలోచన విరమించుకుంది. ఆ పెద్దాయన ‘టోక్యో స్టోరీ’ని ఏ యాప్‌లోనో పదిహేనో నిమిషంలో ఆపేసి ఉంటే, ఆపడం కూడా ఒక సమాచారమై ఎక్కడో నమోదయ్యేది. లైబ్రరీ డిస్కు కాబట్టి ఆయన మౌనం ఆయన దగ్గరే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. న్యాయమైనదే. ఒక స్నేహితురాలు అననే అంది: “నువ్వు చెప్పినట్టు చేస్తే సాహిత్యం మందుల చీటీ అయిపోతుంది. ఎవరికి ఏ నొప్పి ఉందో కనుక్కుని, డోసు చూసి, సైడ్ ఎఫెక్టులు చదివి వినిపించి ఇవ్వాలా? నన్ను మార్చిన పుస్తకాలేవీ నాకు ఎవరూ జాగ్రత్తలు చెప్పి ఇచ్చినవి కావు.” నిజం. నన్ను మార్చినవీ అంతే. మనిషికి తగ్గట్టు కొలిచి ఇస్తూ పోతే, ఆ మనిషి ఇప్పటికే ఎలా ఉన్నాడో అక్కడే ఉండిపోతాడు. యంత్రం చేసే హాని కూడా అదే కదా.

దీనికి నేను జవాబు వెతుక్కున్నది రంగనాథన్ దగ్గర. ఎస్.ఆర్. రంగనాథన్ లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాడు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రతిపాదిస్తూ పుస్తకం రాశాడు. రెండో సూత్రం పాఠకుడి వైపు నుంచి ఆలోచిస్తుంది: ఎవరికి కావాల్సిన పుస్తకం వాళ్ళకి అందాలి. మూడోది పుస్తకం వైపు నుంచి: అల్మరాలో ఉన్న ప్రతి పుస్తకానికీ ఎక్కడో ఒక పాఠకుడు ఉంటాడు, ఆ ఇద్దరూ కలిసే వీలుండాలి. అందుకోసం పాఠకులను స్వయంగా అల్మరాల మధ్య తిరగనివ్వమన్నాడు. తలుపు వేసి, చీటీ రాసిస్తే గుమాస్తా తెచ్చిచ్చే పద్ధతి మామూలుగా ఉన్న దేశంలో అది చిన్న మాట కాదు. ఈ రెండు సూత్రాలూ ఒకదాన్నొకటి అదుపు చేస్తాయి. రెండోది ఒక్కటే ఉంటే లైబ్రరీ మందుల షాపవుతుంది. మూడోది ఒక్కటే ఉంటే గోడౌనవుతుంది.

కాబట్టి నా జాగ్రత్తకి నేనే ఒక హద్దు గీసుకున్నాను. ఎదుటి మనిషి గురించి నాకు ముఖ్యమైన విషయం ఒకటి తెలిసి ఉంటే, దాన్ని తెలియనట్టు నటించను. తెలియకపోతే ఊహించి కాపాడబోను. రెండు సందర్భాల్లోనూ, వీలైతే పుస్తకం పేరుతోబాటు అది ఉండే అల్మరా కూడా చెబుతాను. పక్కనున్నది చేతికి తగిలితే, నేను చెప్పినదాన్ని వదిలేసి దాన్ని తెచ్చుకుంటే, నాకంతకంటే సంతోషం లేదు.

ఇంత చెప్పి ఒక్క పేరైనా చెప్పకపోతే బాగోదు. ఇవి నేను పూచీ ఉండగలిగినవి. నాన్సీ పెర్ల్ పుస్తకంలోకి నాలుగు ద్వారాలుంటాయంటుంది: కథ, పాత్రలు, స్థలం, భాష. ఎవరు ఏ ద్వారంలోంచి వెళ్ళడానికి ఇష్టపడతారో కనుక్కుంటే సగం పని అయినట్టే. అందుకని ద్వారాలతో సహా చెబుతాను.

పాత్ర ద్వారా వెళ్ళేవాళ్ళకి కజువో ఇషిగురో నవల ‘ద రిమెయిన్స్ ఆఫ్ ద డే’, 1989. స్టీవెన్స్ అనే బట్లరు, తన పని తాను లోపం లేకుండా చేశానన్న గర్వంతో, తాను ఎవరికి చేశాడన్న ప్రశ్నని జీవితాంతం దాటవేస్తాడు. అతని దొర నాజీలతో రాజీకి పాకులాడినవాడు. పన్నెండేళ్ళుగా కోడ్ రాస్తున్న నాకు ఆ ప్రశ్న సూటిగానే తగిలింది. మొదటి వంద పేజీల్లో పెద్దగా ఏమీ జరగదు, ముందే చెబుతున్నాను. జేమ్స్ ఐవరీ 1993లో తీసిన సినిమా చాలా బావుంటుంది గానీ, అందులో ప్రేమకథ ముందుకొస్తుంది. తనని తాను మోసం చేసుకునే ఆ గొంతు నవలలోనే పూర్తిగా వినపడుతుంది. ఒకటే తెచ్చుకుంటే నవల తెచ్చుకోండి.

కథ కావాలనేవాళ్ళకి కురొసావా ‘ఇకిరు’, 1952. మున్సిపల్ ఆఫీసులో ఏళ్ళ తరబడి కాగితాల మీద ముద్రలేసిన మనిషి, తనకి మిగిలింది కొద్ది నెలలే అని తెలిశాక, పిల్లలకి ఒక పార్కు కట్టించాలని తిరుగుతాడు. దీనికి ప్రేరణ టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’. ఒక్క సాయంత్రంలో అయిపోయేంత చిన్నది. 2022లో ఇదే సినిమాని ఇంగ్లండ్‌కి మార్చి ‘లివింగ్’ పేరుతో తీశారు. స్క్రీన్‌ప్లే రాసింది ఇషిగురోయే. మూడింటినీ వరసగా చూస్తే, ఒకే ప్రశ్న మూడు దేశాల్లో ఎలా మారిందో తెలుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మాత్రం ఇప్పుడొద్దు. ‘ఇకిరు’ నాయకుడికి కడుపు క్యాన్సరు.

స్థలం ముఖ్యమనేవాళ్ళకి గౌతమ్ ఘోష్ ‘మాభూమి’. తెలంగాణ సాయుధ పోరాటం మీద కిషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ దీనికి ఆధారం. మన కథ ఉర్దూ నవలై, బెంగాలీ దర్శకుడి చేతిలో మళ్ళీ తెలుగుకి చేరింది.

భాష కోసం చదివేవాళ్ళకి బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. ఇక్కడో జాగ్రత్త. అదే పేరుతో 1960లో సావిత్రి నటించిన సినిమా ఉంది. దానికీ నవలకీ సంబంధం లేదు, ‘దీప్ జ్వేలే జాయ్’ అనే బెంగాలీ సినిమాకి అది తెలుగు రూపం. నవల చదివి సినిమాలో దయానిధిని వెతుక్కోకండి. సావిత్రి కోసం విడిగా చూడండి.

ఇవేవీ తప్పక చదవాల్సినవి కావు. నాన్సీ పెర్ల్‌దే ఇంకో సూత్రం ఉంది. యాభై పేజీలు చదవండి, పట్టకపోతే వదిలేయండి. యాభై ఏళ్ళు దాటినవాళ్ళు నూటిలోంచి తమ వయసు తీసేసి, వచ్చినన్ని పేజీలు చదివితే చాలు. ఆ లెక్కన డెబ్భై ఏళ్ళవాళ్ళు ముప్ఫై పేజీలకే లేచి వెళ్ళిపోవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఓపిక పెరగాలని మనకి నేర్పారు. ఈవిడ మాత్రం మిగిలిన సమయం తగ్గేకొద్దీ వదిలేసే హక్కు పెరుగుతుందంటోంది. పుస్తకాలు చెప్పే అలవాటున్న నాలాంటివాళ్ళు పేరు చెప్పేముందు ఎదుటివాళ్ళకి ఈ హక్కుని గుర్తు చేయాలి. మా లైబ్రరీ గోడకి బయటివైపు ఒక సొరుగుంటుంది, మూసేశాక కూడా పుస్తకాలు అందులో వేసి వెళ్ళొచ్చు. పూర్తి చేశారా అని అది అడగదు. నేను చెప్పిన పుస్తకం నలభయ్యో పేజీ దగ్గర గుర్తు పెట్టి ఉండగానే అందులో పడిందని తెలిసినా, నేనూ అడగను.